పొలిమేర దాటని బీమా

కన్నడ అక్షరాల మైలురాళ్ళు అయిపోయి తెలుగు అక్షరాలవి మొదలయ్యే చోట అవ్వ నా భుజం మీద అరచేత్తో కొట్టింది. "నిలుపు," అంది. మోటారు సైకిలు రోడ్డు వారగా నిలిపాను. ఇంకా ఎండ ముదరలేదు. ఆ రోజు పదకొండింటికి అనంతపురంలో ఒక పత్రిక వాళ్ళు పెట్టే పరీక్షకు నేను హాజరు కావాలి. విలేఖరి ఉద్యోగం. సొంత మోటారు సైకిలు, లైసెన్సు ఉన్నవాళ్ళే రావాలనీ, బండి మీదే రావాలనీ చెప్పారు. అవ్వ వెనక సీటు మీద నుంచి దిగలేదు. ఆకువక్క సంచి ఒళ్ళో సర్దుకుని, ముందున్న రోడ్డు కేసి ఒకసారి, వచ్చిన రోడ్డు కేసి ఒకసారి చూసింది.

"మన బీమా ఈడికేరా. ఆ పక్క చెల్లదు. తిప్పు."

"ఎవురు చెప్పినారవ్వా నీకు?"

"ఒగురు చెప్పేదేంది? నేను కండ్లారా చూడల్యా?"

"పరీక్ష ఉండాది అవ్వా. పోకుంటే ఉద్యోగం పోతాది."

"ఉద్యోగం పోతే ఇంగోటి వస్తాది. నువ్వు పోతే యాడ తెచ్చుకునేది?"

"అట్లయితే నువ్వు దిగు. ఆ తుమ్మచెట్టు కింద కూర్చో. లేదంటే బస్సెక్కి ఇంటికి పో. నేనొక్కణ్ణే పోతా."

"నేను దిగితే ఇది ఉత్త ఇనుము. పేరు నాది. నేను మీద లేకుంటే దానికి బీమా యాడిది?"

అటు నుంచి ఒక గొర్రెల కాపరి మందను తోలుకుని ఇటు వస్తున్నాడు. మా ఊరివాడే. గొర్రెలు మా బండి దగ్గర రెండు పాయలుగా చీలి సాగిపోయాయి. ఏ రాష్ట్రంలో ఉన్నామన్న బెంగ వాటికి లేదు. కాపరి అవ్వను చూసి నవ్వాడు. "ఏం నరసక్కా, మనవడు ఊరేగిస్తాండాడా?"

"ఊరేగింపు ఈడికి అయిపాయ. ఇంగ ఇంటికే," అంది అవ్వ.

నేను బండి తిప్పాను. ఇంజను ఆపకుండా, కాళ్ళు నేలకు ఆనించి, ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం జరుపుకుంటూ తిప్పాను. అది ఇరుకు రోడ్డు. అవ్వ దిగి ఉంటే ఒక్క ఊపులో తిరిగేది. ఆమె దిగలేదు. దిగితే నేను ముందుకు పోతానని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. పావగడకు వచ్చేసరికి అనంతపురం పోయే పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు ఎక్కితే పరీక్ష ముగిశాకే దిగుతాను. బస్టాండులో ఒక పక్కగా బండి ఆపుకుని, వెనక అవ్వ ఆకు నములుతుండగా, పావగడ కొండ కేసి చూస్తూ కాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత ఇంటికి వచ్చేశాం.

ఈ సంగతి ఎవరికీ వివరంగా చెప్పింది లేదు. కిందటేడు మా తమ్ముని కూతురు స్కూటరు కొనుక్కుంది. మా ఊరి సోలారు ప్లాంటు ఆఫీసులో పనిచేస్తుంది ఆ పిల్ల. అంగడిలో బండి చూసుకుని వచ్చి, మా వాకిట్లో నిలబడి, ఫోను మీద వేలితో నాలుగు సార్లు తట్టి బీమా చేసేసింది. "పెద్దనాయనా, ఒగసారి చూడు, అంతా సరిగ్గా ఉండాదా?" అని ఫోను నా చేతికిచ్చింది. దేశమంతటా చెల్లుతుందని ఒక వరుస ఉంది అందులో. నేను ఆ వరుస దగ్గరే ఉండిపోయాను. నాకు అక్షరాలు ఆనడం లేదనుకుని పెద్దవి చేసి చూపించింది.

పావగడ తాలూకా ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళకు మా అవ్వ మాట వింతగా తోస్తుంది. మాది తుమకూరు జిల్లా. కానీ మా తాలూకాకూ మిగతా జిల్లాకూ మధ్య ఆంధ్రా నేల అడ్డం పడి ఉంటుంది. మధుగిరి మీదుగా జిల్లా కచేరీకి పోవాలంటే కొంత దూరం పరాయి రాష్ట్రంలో నడిచి మళ్ళీ మా రాష్ట్రంలోకి రావాలి. మూడు దిక్కులా ఆంధ్రా. పడమట చిత్రదుర్గం వైపు మాత్రమే కన్నడ నేల తెగకుండా సాగుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడ. హద్దు మీద కంచె లేదు, గోడ లేదు. అయినా చాలా సంగతులు అక్కడికి వచ్చి ఆగిపోయేవి. మా రేషను కార్డు అటు చెల్లేది కాదు. మాకు కరెంటు పోయినప్పుడు హద్దు అవతల చేలల్లో మోటార్లు ఆడుతుండేవి. ఆ చప్పుడు వింటూ మేం ఎండిన కాలువ గట్టు మీద కూర్చునేవాళ్ళం. కరువు పని ఇటు మొదలైతే అటు లేదు, అటు బియ్యం ఇస్తే ఇటు లేదు. వేరుశనగ మూట దాటాలన్నా తనిఖీ గేటు దగ్గర ఆగాలి. అట్లాంటి చోట ముసలితనం దాకా బతికిన మనిషి, కాగితం మీద రాసిన కాపుదల కూడా హద్దు దగ్గర ఆగిపోతుందని నమ్మితే, నమ్మిందే అనుకుంటే, అందులో వింత లేదు.

మా ఊరు బలసముద్రం. అవి వేరుశనగ తప్ప మరేదీ వేయని కాలాలు. సజ్జ, కొర్ర, ఉలవ పండిన చేలన్నీ ఒక్కొక్కటిగా వేరుశనగ కిందికి పోయాయి. వాన అదునుకు పడితే ఇల్లంతా కాయ. పడకపోతే పశువులకు మేతగా వేసే వేరుశనగ కట్టె కూడా మిగలదు. పండిన ఏడు నడిమింట్లో మూటలు దూలాల దాకా పేర్చేవారు. వాటి పక్కనే మా పడక. కొత్తగా పీకిన కాయకు ఎర్రమట్టి వాసన, ఆరిన కాయకు గోనె వాసన, కొంత కాలం పోయాక ముక్కిన నూనె వాసన. కండ్లు మూసుకుని పీల్చి ఏ నెలో చెప్పగలిగేవాళ్ళం. ఎండాకాలం చివర విత్తనానికి కాయలు ఒలిచే పని పెట్టేవారు. వీధిలోని ఆడవాళ్ళంతా మా వసారాలో కూర్చుని, నొసటి మీద కొంగు కప్పుకుని, వేళ్ళతో చిట్లించేవాళ్ళు. అవ్వ గడప మీద కూర్చుని అందరి చేతులూ కాదు, దవడలు చూసేది.

"ఏమే ఓబులక్కా, నోట్లో ఏంది?"

"ఆకువక్క నరసక్కా."

"ఆకయితే పెదాలు యెర్రగుండాల. నీయి తెల్లగుండాయి."

వసారా అంతా నవ్వేది. ఓబులక్క కూడా నవ్వుతూనే నమిలి మింగేది. ఆ కూలి రోజు సాయంత్రం అందరికీ సంగటి, ఉలవచారు అవ్వే వడ్డించేది. ఓబులక్కకు ముద్ద పెద్దదే పడేది.

భూమి అవ్వ పేరున ఉంది. మా తాత పోయినప్పటి నుంచీ ఇంట్లో ఏది కొన్నా ఆమె పేరునే కొనేవారు. బోరు మోటారు ఆమె పేరున, ఎద్దుల బండి ఆమె పేరున, రేడియోకు అప్పట్లో లైసెన్సు ఉండేది, అదీ ఆమె పేరునే. మాటల్లో పొదుపైన మనిషి మా నాయన. అవ్వ ఎదుట ఆయన గొంతు ఇంకా తగ్గేది. ఏదన్నా అడిగితే "మీ అవ్వ ఏమంటాదో" అని భుజం మీది తువ్వాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకునేవాడు. ఆ తువ్వాలు పక్క మారిందంటే ఆ సంభాషణ ముగిసినట్టు.

నాయన తర్వాత పుట్టినవాడు మా చిన్నాయన. ఒక విత్తనాల అదనులో స్నేహితుని మోటారు సైకిలు వెనక కూర్చుని మడకశిర వైపు పోయాడు. లారీ కొట్టింది. స్నేహితుడు బతికాడు, చిన్నాయన అక్కడే పోయాడు. పడిన చోటు సరిగ్గా హద్దు మీద. ఈ పక్క పోలీసులు అది ఆ పక్క అన్నారు, ఆ పక్క వాళ్ళు ఈ పక్క అన్నారు. పొద్దు వాలేదాకా శవం మీద ఎవరో కప్పిన గోనెపట్ట అట్లాగే ఉంది. ఆ బండి స్నేహితునిది కూడా కాదు, అతని బావమరిదిది. తర్వాత బీమా కోసం వేసిన కేసుకు నాయనతో పాటు అవ్వ వాయిదా వాయిదాకూ పోయింది. కోర్టు వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. లోపల లాయర్లు ఇంగ్లీషులో, కన్నడలో ఏమేమో వాదించుకునేవారు. ఆమె చెవిన మళ్ళీ మళ్ళీ పడినవి రెండు ప్రశ్నలు: అది ఏ రాష్ట్రం? బండి సొంతదారు బండి మీద ఉన్నాడా? చివరికి కేసు కొట్టేశారు. ఆ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు ఉండి ఉంటే కొడుకు చావుకు న్యాయం జరిగేదని అవ్వ తీర్మానించుకుంది. న్యాయం మాత్రమేనా, కొడుకే దక్కేవాడనుకుందేమో. బీమా అంటే ఆమెకు చనిపోయాక వచ్చే డబ్బు కాదు. చావు రాకుండా కట్టుకునే రక్ష. చంటిపిల్లల మొలకు కట్టే తాయెత్తు లాంటిది. తాయెత్తు ఎవరి పేరున మంత్రించారో వాళ్ళ ఒంటి మీద ఉంటేనే పనిచేస్తుంది కదా.

అప్పటికి నేను డిగ్రీ అయి ఇంట్లో ఉన్నాను. బడిలో తెలుగు లేదు. అనంతపురం బస్సు డ్రైవరు చదివి టీ అంగట్లో వదిలేసి పోయే పత్రికలతో అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్న కొద్దీ ఆ పత్రిక వచ్చే ఊరికి పోవాలనిపించేది. చేను, ఇల్లు, పావగడ సంత, మళ్ళీ చేను. మబ్బు కోసం చూడటం, కరెంటు కోసం చూడటం. నా ఈడువాళ్ళు కొందరు బెంగళూరుకు పోయారు. నాయనకు నేను పెద్దకొడుకుని. తమ్ముడు చిన్నవాడు, చిన్నాయన లేడు. నేను పోతే మడక పట్టి దున్నే చేయి ఒకటి తగ్గుతుందని నాయన ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉండేది. పత్రికలో ఆ ప్రకటన కనిపించినప్పుడు, అందులో సొంత వాహనం ఉండాలని చదివినప్పుడు, ఆ ఏడు పంట బాగా వచ్చి ఉంది. భయపడుతూనే అడిగాను. అవ్వ ఒప్పుకుంది. నాయన తువ్వాలు పక్క మార్చాడు. బండికి ఒప్పుకున్నారంటే నేను పోవడానికి ఒప్పుకున్నారని అర్థం చేసుకున్నాను.

ఏ బండి కొనాలన్నది ఇంట్లో పెద్ద చర్చ అయింది. నాయన ఓటు మోపెడుకు. ముందర ఒక మూట, వెనక ఒక మూట పెట్టుకోవచ్చు. నాకు అప్పుడే వచ్చిన, తక్కువ పెట్రోలు తాగే, చప్పుడు లేని కొత్త రకం బండి మీద మనసు. బడి మేష్ట్రు హాలప్పకు పాలవాళ్ళు క్యాన్లు తగిలించుకునే పాతరకం బరువు బండి ఉండేది. అది ఇనుము, మిగతావి రేకు అనేవాడు ఆయన. అవ్వ మోపెడు మాట వదిలేసి మిగతా రెండు రకాలూ వాకిట్లోకి తెప్పించమంది. మేష్ట్రు తన బండి తెచ్చాడు. పావగడలో వేరుశనగ మండీ వాళ్ళబ్బాయి కొత్త బండి తెచ్చాడు. అవ్వ బండ్ల ముందు భాగం చూడనేలేదు. నేరుగా వెనక్కి పోయి మేష్ట్రు బండి సీటు మీద చేయి వేసి నొక్కింది.

"ఇదేందప్పా మేష్ట్రూ, ఎద్దు మూపురం మాదిరుండాది. ఆడమనిషి జారిపోదా?"

"మా ఇంట్లోది దీని మీదనే కదా దినాం వచ్చేది, నరసక్కా."

"వచ్చేది దాని మీదనా, నీ మెడ మీదనా? నేను చూడల్యా, నిన్ను పట్టుకోని యాలాడేది!"

మేష్ట్రు తల దించుకుని నవ్వాడు. అవ్వ రెండో బండి దగ్గరకు పోయింది. పొడుగాటి చదునైన సీటు. చీర చక్రంలో పడకుండా పక్కన జాలీ, పాదాలు పెట్టుకోవడానికి చిన్న మెట్టు. చీర సర్దుకుని ఒక పక్కగా కూర్చుని కాళ్ళు ఊపి చూసింది. "ఇది పీట మాదిరుండాది. ఇదే కానీ." నేను కోరుకున్న బండినే అవ్వ కూడా కోరుకుందని సంబరపడ్డాను. డెబ్భై దాటిన మనిషి వెనక సీటును అంత శ్రద్ధగా ఎందుకు పరీక్షిస్తోందని నాకు తట్టలేదు.

బీమా ఏజెంటు శివణ్ణది మధుగిరి. కన్నడం మనిషి. సంత రోజున పావగడకు వచ్చి, ఆ పక్క ఊళ్ళు తిరిగిపోయేవాడు. తెల్ల ప్యాంటు, చంకలో తోలు సంచి. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, సొంతదారు ఎవరని అడిగాడు. "నేనే," అంది అవ్వ. శివణ్ణ ఆమెను ఎగాదిగా చూసి, "బండి నడిపేది వస్తాదా అజ్జీ?" అన్నాడు. "నడిపేవాణ్ణి నడిపేది వస్తాది," అంది. అరుగు అవతల కూర్చుని పలుపు తాడు పేనుతున్న నాయన కూడా ఆ మాటకు నవ్వాడు. అవ్వ వేలిముద్ర వేసింది. వేసిన వేలిని కొంగుకు తుడుచుకోకుండా సాయంత్రం దాకా అట్లాగే ఉంచుకుంది.

బండి తేవడానికి తుమకూరు పోయినవాణ్ణి నేనే. అంగడిలో తాళం చేతికిచ్చారు. మీదెక్కి కొత్త ఇంజను వేడి కాళ్ళకు తగులుతుండగా ఇంటిదాకా రావాలని ఎన్ని రోజులుగానో అనుకున్నాను. కానీ మధుగిరి దాటాక ఆంధ్రా నేల వస్తుంది. అవ్వ ముందే ఏర్పాటు చేసింది. మా ఊరి వేరుశనగ దించడానికి తుమకూరు వచ్చిన లారీ ఖాళీగా తిరిగిపోతోంది. డ్రైవరు అంగడి ముందు లారీ ఆపి హారను కొట్టాడు. ఇద్దరు కూలీలు బండిని ఎత్తి పైన పెట్టారు. దాన్ని నాలుగు పక్కలా తాళ్ళతో బిగించారు. "బండి మీద బండి వస్తే బీమా లారీది, మీది కాదంట. మీ అవ్వ చెప్పి పంపినాది," అన్నాడు డ్రైవరు. "ఏం సీనా, పెండ్లికూతురిని తీసకపోతాండావా, ఇంత జోపానంగా కట్టినావు?"

నేను క్యాబినులో కూర్చోలేదు. వెనక గోనె దుమ్ములో, కట్టేసిన మోటారు సైకిలు మీద, హ్యాండిలు పట్టుకుని కూర్చున్నాను. మడకశిర తాలూకా అంతా అట్లాగే దాటాను. గాలి ముఖానికి కొడుతోంది. ఇరుపక్కలా చెట్లు వెనక్కి పోతున్నాయి. చక్రాలు మాత్రం తిరగడం లేదు.

ఆ మర్నాటి నుంచి అవ్వ వెనక సీటు మీదే. డీజిలు కోసం పావగడ పోయినా అవ్వ. మందు కోసం మంగళవాడ పోయినా అవ్వ. నేను తాళం తీసిన చప్పుడుకు ఆమె చేతిలో పని ఆగిపోయేది. "ఉండు, చీర మార్చుకోని వస్తాండా." అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేది. పావగడ బస్టాండులో నా స్నేహితులు బండి ఆగీ ఆగకముందే మొదలుపెట్టేవారు. "ఏం సీనా, ఓనరమ్మ పర్మిషను ఇచ్చినాదా?" "ఓనరమ్మా, టీ తాగుతావా? డ్రైవరుకు కూడా ఇప్పించమంటావా?" అవ్వకు ఆ పిలుపు నచ్చింది. టీ తాగి వాళ్ళ పెండ్లిళ్ళ సంగతి అడిగేది. సినిమాకు పోయినా ఆమె వస్తుందని తెలిశాక నేను సినిమాలు మానుకున్నాను. ఒకసారి ఎవరూ చూడకుండా బండిని వీధి చివరిదాకా తోసుకుపోయి స్టార్టు చేశాను. తిరిగి చూస్తే ఆమె రోడ్డు నడుమ చెప్పులు లేకుండా నిలబడి ఉంది. ఎండలో నిలబడి ఉంది, అంతే. తిరిగొచ్చి ఎక్కించుకున్నాను.

పరీక్ష రోజున ఆమె వెనక ఎక్కినప్పుడు నేను పెద్దగా కలవరపడలేదు. అనంతపురం దాకా తీసుకుపోయి, ఆఫీసు బయట చెట్టు కింద కూర్చోబెట్టి, పరీక్ష రాసి వచ్చేయవచ్చని అనుకున్నాను. హద్దు దాటేటప్పుడు బండిని లారీ ఎక్కించింది తాను వెనక లేనందుకే, ఇప్పుడు తానే ఉంది కదా అనుకున్నాను; అక్కడికి వెళ్ళేదాకా ఆమె నోట హద్దు మాట రాలేదు. నాయన ఆ పొద్దున వాకిట్లో నిలబడి, "నిదానంగా పోయి రాండి," అన్నాడు. ఇద్దరినీ కలిపి అన్నాడు.

వారం తర్వాత బస్సెక్కి అనంతపురం పోయాను. ఉద్యోగం ఇచ్చేశారు, వేరే అతనికి. అక్కడి పెద్దాయన మంచివాడు. నా పావగడ యాస విని, "కర్ణాటకలో ఉన్న తెలుగు ఊళ్ళ వార్తలు మాకు రాసేవాళ్ళు లేరు. మీ ఊళ్ళోనే ఉండి రాయండి," అన్నాడు. ఊళ్ళోనే ఉండి. ఎక్కడి నుంచి బయటపడదామని వెళ్ళానో అక్కడికే నియమించి పంపాడు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. అవ్వ నా చేత బండి తిప్పించిన చోటు మీదుగానే బస్సు వచ్చింది. ఆగలేదు.

వార్తలకు తిరిగినప్పుడు కూడా అవ్వ వెంటే ఉండేది. ఒక కరువు ఏడు మంగళవాడ దగ్గర ఎండిన బావి చుట్టూ ఆడవాళ్ళు బిందెలు వరుసగా పెట్టుకుని కూర్చున్నారు. అడుగున ఊరే నీటిని ఒకామె దిగి చెంబుతో తోడుతోంది. నేను పుస్తకం తీసి అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. కచేరీ మనిషిననుకున్నారు. అవ్వ బండి దిగి వాళ్ళ మధ్య చతికిలబడి సంచి విప్పి ఆకు పంచింది. "యా ఊరమ్మా మీది?" అని ఒకామె అడిగింది. "బలసముద్రం. మా బావిలో ఈ చెంబుడు గూడా ల్యా," అంది అవ్వ. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఎవరు గొడ్లను సంతకు తోలారో, ఎవరి ఇల్లు తాళం వేసి ఉందో, విత్తనాల గింజలు కూడా వేయించుకుని తిన్నది ఎవరో. నా పేరుతో అచ్చయిన మొదటి పెద్ద వార్త అది. స్నేహితులు అవ్వ పేరు కూడా వేయాల్సిందని ఎగతాళి చేశారు. నిజమే అనిపించింది. కానీ ఆ వార్త కింద నా పేరు పక్కన ఊరి పేరు చూసినప్పుడు సంతోషంతో పాటు ఊపిరాడనట్టు కూడా అయింది. గానుగెద్దు కూడా రోజంతా నడుస్తుంది.

ఏండ్లు గడిచాయి. అవ్వ వెనక కూర్చోలేని ముసలిది అయ్యేసరికి నాకు పెండ్లయింది, పిల్లలయ్యారు, నాయన మోకాళ్ళు పట్టేశాయి, మడక నా చేతికి వచ్చింది. అనంతపురంలో ఆ ఉద్యోగం దొరికినతను హైదరాబాదు దాకా పోయాడని విన్నాను. నన్ను పట్టుకోవడానికి ఇక వెనక సీటు మీద ఎవరూ కూర్చోనక్కర లేకపోయింది. అవ్వ ఒక వానాకాలం ముందు పోయింది. ఆ తర్వాత వార్తల కోసం, పెండ్లిళ్ళ కోసం నేను హద్దు ఎన్నోసార్లు దాటాను, బస్సులో, ఎవరెవరి కార్లలోనో. ఇప్పుడు మా వేరుశనగ చేల మీద సోలారు పలకలు నిలబడి ఉన్నాయి. విత్తనాలు ఒలిచే వసారాలో మోటారు సైకిళ్ళు నిలుపుతారు. మా తమ్ముని కూతురు హిందూపురం పోయి పుట్టినరోజు కేకు తీసుకుని అన్నాల వేళకు తిరిగొస్తుంది. ఆ పిల్ల రాష్ట్రం దాటానని గుర్తించేది ఫోనుకు సందేశం వస్తే. ఎవరినీ అడగదు, ఎవరూ వెంట ఎక్కరు. మంచిదే. ఒక్కోసారి తిరిగి రావడం ఆలస్యమైతే మాత్రం వాకిట్లోకి పోయి రోడ్డు కేసి చూసేది నేనే.

ఆ స్కూటరు కొన్న కొద్ది రోజులకే మధుగిరిలో ఒక పెండ్లిలో శివణ్ణ కనిపించాడు. ఒళ్ళు సగమైంది, గొంతు తగ్గలేదు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. స్కూటరు సంగతి, బీమా సంగతి చెబుతూ అవ్వ నమ్మకం గురించి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నమ్మకమేందప్పా? ఆ దినమే అడిగినాది నన్ను. హద్దు దాటితే చెల్తాదా అని. కాశ్మీరు దాకా పోయినా చెల్తాదజ్జీ అన్నా. నువ్వు బండి మీద కూర్చోవాల్సిన పని కూడా లేదన్నా. నువ్వు అప్పుడు లేవు. వేలిముద్రకు సిరా డబ్బీ తెచ్చేకి పోస్టాఫీసుకు పోయింటివి."

"ఆమె ఏమనింది?"

"ఏమీ అనల్యా. ఆకు నమల్తా ఉండె." శివణ్ణ విస్తట్లో లడ్డూ చిదిమాడు. "'ఈ మాట వానికి చెప్పొద్దప్పా' అని మాత్రం అన్నారు. నేనూ ఊరుకున్నా. ఇంటి సంగతి కదా."

"అన్నారంటే? అవ్వనా?"

"అదే గుర్తు రాల్యా. ఆమె అనిందో, తాడు పేనుతా ఉండిన మీ నాయన అన్నాడో. ఇద్దరే ఉన్న్యారు ఆడ."

నాయనకు తొంభై దగ్గర పడుతున్నాయి. మా ఇంట్లోనే, నా పక్క గదిలోనే ఉంటాడు. కండ్లు మసకబారాయి. రోజూ పొద్దున నేను పేపరు పైకి చదివితే వింటాడు. ఊరి పేరు ఎక్కడన్నా తప్పుగా పలికితే దిద్దుతాడు. చెవులు బాగా వినిపిస్తాయి. మధుగిరి నుంచి వచ్చి చాలా నెలలైంది. అరుగు మీద ఆ మాట అన్నది ఎవరో నాకు ఇంకా తెలియదు.